నా మొదటి సోలార్ డ్రయ్యర్ ఎందుకు ఫెయిలయింది? మునగాకు నేర్పిన లెక్క

పై వీడియోలో మీరు చూసే డ్రయ్యర్ నేను రెండోసారి కట్టింది. మొదటిది ఎలా దెబ్బతీసిందో చెబితేనే మీకు ఎక్కువ ఉపయోగం అని ఇది రాస్తున్నాను.

మొదటి డ్రయ్యర్ పైన షీటు 2 చదరపు మీటర్లు. ఎండాకాలంలో రోజుకి ఐదారు కిలోల మునగాకు చక్కగా ఎండేది. ఆ ధైర్యంతో ఆగస్టులో పొడికి ఆర్డరు తీసుకుని, రోజుకి 10 కిలోల పచ్చి ఆకు పోశాను. ముసురు పట్టింది. వేడి బయటికి పోకూడదని గాలి రంధ్రాల్లో గుడ్డలు కుక్కాను. షీటు లోపలివైపు నీటి బొట్లు కనిపిస్తున్నా పట్టించుకోలేదు. పైకి ఎండినట్టున్న ఆకుని పొడి పట్టించి పంపేశాను. పది రోజులకి పొడి గడ్డకట్టింది, బూజు వాసన వస్తోందని సరుకంతా వెనక్కి వచ్చింది. డబ్బు తిరిగిచ్చేశాను. ఒక్క చుక్క మందు కొట్టకుండా పెంచిన ఆకు, చివరికి పెంటకుప్పలో పడింది.

మా బావమరిది మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వచ్చి చూసి, "బావా, నువ్వు వేడి ఎంతుందో చూస్తున్నావు గానీ నీళ్లు ఎటు పోతున్నాయో చూడట్లేదు" అన్నాడు. తన సోలార్ ఎనర్జీ పుస్తకం ఇచ్చి వెళ్లాడు. ఐఐటీ బొంబాయి మెకానికల్ విభాగంలో పాఠాలు చెప్పిన సుఖాత్మే గారు రాసిన పుస్తకం అది.

మెకానికల్ అంటే ఇంజిన్లు, లేత్ మిషన్లే అనుకునేవాణ్ణి. ఎనర్జీ సిస్టమ్స్ మీద అక్కడ పెద్ద పరిశోధనే నడుస్తుందని అప్పుడు తెలిసింది. అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీ సోలార్ ఎనర్జీ లాబొరేటరీ 1954లో మొదలైంది. 1975లో అక్కడి నుంచి ట్రాన్సిస్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ వచ్చింది. ఎండని పట్టే పలక, ట్యాంకు, పంపు ఇలా అన్ని భాగాల్నీ కలిపి, గంట గంట వాతావరణం ఇచ్చి, ఏడాది పొడుగునా ఎలా పనిచేస్తాయో అందులో ముందే చూసుకుంటారు. నా తప్పు అక్కడే అర్థమైంది. నేను కట్టింది మే నెల డ్రయ్యరు, తీసుకున్నది ఆగస్టు ఆర్డరు.

ఇప్పుడు లెక్క చూడండి. 10 కిలోల పచ్చి మునగాకులో దాదాపు 7.5 కిలోలు నీరే. పొడికి తేమ 8 శాతానికి దిగాలంటే అందులో 7.3 కిలోల నీరు పోవాలి. కిలో నీరు ఆవిరవ్వడానికి సుమారు 0.67 యూనిట్ల శక్తి కావాలి. అంటే మొత్తం 4.9 యూనిట్లు. మంచి ఎండ రోజున చదరపు మీటరుకి సుమారు 5 యూనిట్ల ఎండ పడుతుంది. అందులో 30 శాతం ఆకుకి అందిందనుకున్నా, నా 2 మీటర్లకి వచ్చేది 3 యూనిట్లే. అది ఆరు కిలోల ఆకుకి సరి. మబ్బు పట్టి ఎండ సగమైతే మూడు కిలోలకే. నేను పోసింది పది!

ఇక గాలి సంగతి. 30 డిగ్రీల దగ్గర 70 శాతం తేమ ఉన్న గాలిని 45 డిగ్రీలకి వేడి చేస్తే తేమ శాతం 31కి పడిపోతుంది. గాలిలో నీరు అంతే ఉంటుంది, ఇంకా నీరు పట్టుకునే సత్తువ పెరుగుతుంది. ఆ గాలి ఆకు మీదుగా వెళ్లి బయటికి పోతేనే తడి పోతుంది. రంధ్రాలు మూసి నేను ఆకుని ఎండబెట్టలేదు, ఉడకబెట్టాను.

కొత్త డ్రయ్యర్‌కి షీటు 4 చదరపు మీటర్లు. రంధ్రాలు తెరిచే ఉంటాయి, చిన్న ప్యానెల్‌తో తిరిగే ఫ్యాను పెట్టాను. మబ్బు రోజున ఆరు కిలోలు మించి పోయను. అన్నిటికంటే ముఖ్యం తూకం. పది కిలోల పచ్చి ఆకు దాదాపు 2.7 కిలోలకి దిగేదాకా పొడి పట్టను. చేతికి గలగలలాడినంత మాత్రాన నమ్మను.

సరుకు వెనక్కి పంపినాయన ఇంకా ఆర్డరు ఇవ్వలేదు. ఆయన తప్పేం లేదు. మీరు మాత్రం కట్టేముందే షీటు కొలత, పోసే ఆకు, పోవాల్సిన నీరు, ఈ మూడూ కాగితం మీద రాసుకోండి. ఆ కాగితానికి పది రూపాయలు కూడా అవ్వదు.