అరువు గొంతు

నెల్లూరు సీమలో సముద్రపుటొడ్డున నున్న పట్టపుపాళెములలో ఏటేటా అమ్మవారి తిరునాళ్లు జరుగును. పగలంతయు పొంగళ్లు, మొక్కుబళ్లు, మేళతాళములు. చీకటి పడినంతనే జనుల చూపు గుడివైపునుండి మరలి, మైదానములో వేసిన పందిరిమీద నిలుచును. మైపాడు మొదలుకొని తుమ్మలపెంట వరకు గల తీరమున ఈ దృశ్యము క్రొత్తది కాదు. సరుగుడు తోపుల మీదుగా ఉప్పుగాలి వీచుచుండును. వలలు ఆరవేసి వచ్చినవారు, రొయ్యల గుంటలకడ పని ముగించుకొని వచ్చినవారు, పిల్లలను ఒడిలో వేసికొన్న తల్లులు, అందరును చాపలు పరచుకొని కూర్చుందురు. ఎదుట వేదికమీద ఒక కీబోర్డు, తబలా, డోలక్, దరువు వినిపించు ఎలక్ట్రానిక్ ప్యాడ్, ఇద్దరు ముగ్గురు గాయకులు. దీనిని ఊళ్లలో ఆర్కెస్ట్రా అందురు. కొంత గౌరవముగా చెప్పదలచినవారు పాట కచేరీ అందురు.

కచేరీ నడచు తీరు ఎక్కడైనను దాదాపు ఒక్కటే. మొదట విఘ్నేశ్వరునిమీద ఒక భక్తిగీతము. పిదప పెద్దలకొరకు ఘంటసాల పాటలు. రాత్రి పెరిగినకొలది బాలసుబ్రహ్మణ్యం పాటలు. అర్ధరాత్రి దాటిన తరువాత యువకుల ఈలలకు తగిన పాటలు. నడుమ నడుమ వేదికమీదికి చీటీలు వచ్చును. చీటీలో కోరిన పాట పేరు, దాని క్రింద చందా ఇచ్చిన వారి పేరు. గాయకుడు చీటీ చదివి, కీబోర్డు వాయించువానికి శ్రుతి చెప్పి, గొంతు సవరించుకొనును. మాటలాడునంతవరకు అతడు కోవూరువాడో కావలివాడో అని పోల్చవచ్చును. పల్లవి ఎత్తుకొన్న మరుక్షణమే అతడు మరియొకడగును.

ఆ గొంతు అతనిది కాదు. ఆ బాణీ, ఆ మాట అతనివి కావు. పల్లవికి ముందు వచ్చు వేణునాదము మొదలు చివరి ఆలాపన వరకు అంతయు ఎన్నడో ఎవరో సిద్ధపరచి పెట్టినదే. చరణములకు నడుమ వచ్చు వాద్యఖండమును వాద్యకారులు 'బిట్' అందురు. ఆ బిట్‌లో ఒక స్వరము జారినను ముందు వరుసలో కూర్చున్న ముసలివాడు తల అడ్డముగా త్రిప్పును. గాయకుడు ఉత్సాహము కొలది సొంతముగా ఒక సంగతి వేసినచో మెచ్చుకొనువారి కంటె ముఖము చిట్లించువారే ఎక్కువ. వారికి కావలసినది ఆనాడు రికార్డుమీద విన్న పాట, విన్నది విన్నట్లుగా. అయితే ఆ రికార్డు నేడు ప్రతివాని జేబులోని ఫోనులోనే ఉన్నది. అసలు పాట చేతిలో ఉండగా నకలును వినుటకు చాప చంకన పెట్టుకొని ప్రక్క ఊరినుండి నడచి వచ్చుట ఎందులకు? ఈ ప్రశ్నకు బదులు చెప్పనిదే ఈ కళకు విలువ కట్టుట సాధ్యము కాదు.

ఈ వింత తెలుగుదేశమునకు మాత్రమే చెందినది కాదు. పాశ్చాత్యుల రాక్ సంగీతములో ఇదియొక పెద్ద వృత్తి. బీటిల్స్ బృందము 1966 ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలో చివరిసారిగా టిక్కెట్లు పెట్టి బహిరంగ కచేరీ చేసినది. తరువాత వారిని ఎదుట చూచి వినగోరిన జనులకు ఆ భాగ్యము లేకపోయినది. ఆ లోటు తీర్చుటకు 1980లో ఇంగ్లండులో బూట్‌లెగ్ బీటిల్స్ అను బృందము పుట్టినది. అదే జుట్టు, అవే దుస్తులు, అదే ఉచ్చారణ. 1988లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరమున పింక్ ఫ్లాయిడ్ పాటలను యథాతథముగా వాయించు బృందమొకటి ఏర్పడినది. 1996లో పింక్ ఫ్లాయిడ్ గిటారు విద్వాంసుడు డేవిడ్ గిల్మోర్ తన యాబదియవ జన్మదిన వేడుకకు ఆ అనుకర్తలనే పిలిపించుకొని తన పాటలను తానే శ్రోతగా విన్నాడు. ఆ సంవత్సరమే జూడాస్ ప్రీస్ట్ అను ప్రసిద్ధ బృందము, తమ పాటలను అనుకరించుచు తిరుగుచున్న అమెరికా యువకుడు టిమ్ ఓవెన్స్‌ను తమ ప్రధాన గాయకునిగా చేర్చుకొన్నది. నకలు అసలు పీఠమెక్కిన ఉదాహరణమిది.

మన సంప్రదాయములోను ఇట్టిది లేకపోలేదు. బలిజేపల్లి లక్ష్మీకాంతం హరిశ్చంద్ర నాటకములో కాటిసీను వచ్చుసరికి, పద్యము ఎట్లు సాగవలెనో ప్రేక్షకునికి ముందే తెలియును. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగములో శ్రీకృష్ణునిగా పీసపాటి నరసింహమూర్తి పద్యము పాడిన తీరు ఆ తరువాతి కృష్ణులకు ఒరవడి అయినది. పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారులో త్యాగరాజస్వామి సన్నిధిని వందలాది కంఠములు ఒక్కటై పంచరత్న కృతులను పాడును. వారిలో ఎవరిని చూచియు అనుకర్త అని ఎవరును అనరు. అయినను ఒక భేదము కలదు. శాస్త్రీయ గాయకునికి మనోధర్మమను చోటు ఉన్నది. ఆలాపనలో, నెరవులో, కల్పనస్వరములో అతడు తన్ను తాను చూపుకొనవచ్చును. ఆర్కెస్ట్రా గాయకునికి ఆ చోటు లేదు. అతడు తన్ను ఎంత దాచుకొన్నచో అంత మెప్పు. అందుచేత ఈ వృత్తిలో ఒక ప్రమాదము పొంచియున్నది. ఇరువది సంవత్సరములు పరుల గొంతుతో పాడినవానికి తన గొంతు ఎట్లుండునో గుర్తుండునా?

ఈ ప్రశ్నకు ఒక గొప్ప సమాధానము నెల్లూరులోనే దొరకును. 1946 జూన్ 4న జన్మించిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం తండ్రి సాంబమూర్తి హరికథా గాయకుడు, నెల్లూరులో త్యాగరాజ ఆరాధనోత్సవములు జరిపించినవాడు. అట్టి ఇంట పుట్టినను బాలునికి క్రమముగా సంగీతశిక్షణ జరుగలేదు. అతడు కూడ మొదట పరుల పాటలు పాడినవాడే. 1960ల తొలినాళ్లలో, నాటి నెల్లూరు జిల్లాలోని గూడూరులో పాటల పోటీ జరిగినపుడు గాయని ఎస్. జానకి అతిథిగా వచ్చి, ఆ యువకుని పాట విని, సినిమాలలో పాడుటకు ప్రయత్నింపుమని ప్రోత్సహించిన సంగతి ఆయన తరువాతి కాలమున పలుమార్లు తలచుకొన్నారు. మదరాసులో చదువుకొనుచు ఆయన ఒక లలితసంగీత బృందమును నడిపినారు. సభలలోను పెండ్లిండ్లలోను సినిమా పాటలు వినిపించు బృందమది. అందులో గిటారు, హార్మోనియములు వాయించినవారిలో ఒకరు ఇళయరాజా. ఆయన తమ్ముడు గంగై అమరన్, అన్న భాస్కర్ కూడ అందులోనివారే. తరువాత దక్షిణదేశపు సినీసంగీతమును ఏలినవారు ఒకనాడు పరుల పాటలకు బిట్‌లు సరిచూచుకొన్న ఆర్కెస్ట్రా కుర్రవారే.

1966 డిసెంబరు 15న ఎస్.పి. కోదండపాణి సంగీత దర్శకత్వమున 'శ్రీ శ్రీ శ్రీ మర్యాద రామన్న' చిత్రమునకు బాలసుబ్రహ్మణ్యం తొలిపాట పాడినారు. అప్పటికి తెలుగు చిత్రసీమలో నాయకుని పాట అన్నచో ఘంటసాల కంఠమే. క్రొత్తగా వచ్చినవానికి ఆ కంఠమునకు నీడగా నిలుచుట సులభమైన మార్గము. ఆయన ఆ మార్గము పట్టలేదు. వెనుకటి గాయకుని అనుకరించుట మాని, తెరమీది నటుని మాటతీరును పట్టుకొన్నారు. రామారావునకు ఒక తీరు, నాగేశ్వరరావునకు ఒక తీరు, కృష్ణకు ఒక తీరు, అల్లు రామలింగయ్యకు పాడునపుడు హాస్యపు విరుపుతో మరియొక తీరు. ఇదియు అనుకరణమే. అయితే అనుకరణమును దాటిపోవుటకు అనుకరణమునే మెట్టుగా చేసికొన్న నేర్పు ఇది. అరువు తెచ్చిన గొంతుతో ఆరంభించినవాడు, తన గొంతును ఇతరులు అరువు తెచ్చుకొను స్థితికి చేరినాడు.

ఆయన మరియొక మర్యాదను కూడ నేర్పినారు. 1996లో ఈటీవీలో ప్రారంభమైన 'పాడుతా తీయగా' కార్యక్రమములో పిల్లలు పాడినవి పూర్వుల పాటలే. ఆ పాట వ్రాసిన కవి ఎవరు, బాణీ కట్టినవారు ఎవరు, మొదట పాడినవారు ఎవరు అను విషయమును ఆయన వదలక చెప్పుచుండెడివారు. అప్పు తీసికొనుట దోషము కాదు, అప్పు ఇచ్చినవాని పేరు మరచుట దోషమని ఆ అలవాటు సూచించినది.

అయినను పేరు చెప్పినంత మాత్రమున అప్పు తీరునా అను చిక్కు ఆయనకే ఎదురైనది. తొలిపాటకు యాబదియేండ్లు నిండిన సందర్భమున చేసిన విదేశయాత్రలో, 2017 మార్చిలో ఆయన అమెరికాలో ఉండగా, తన అనుమతి లేక తన పాటలను వేదికలమీద పాడరాదని ఇళయరాజా న్యాయవాది ద్వారా తాఖీదు పంపించినారు. బాలసుబ్రహ్మణ్యం ఆ యాత్రలో ఆ పాటలు ఇక పాడబోనని ప్రకటించినారు. ఒకనాడు ఒకే బృందములో పరుల పాటలను కలసి వినిపించిన మిత్రుల నడుమ ఈ వివాదము రావలసివచ్చుట చాలమందిని బాధించినది. కాని అందులోని ప్రశ్న న్యాయమైనదే. పాట కట్టినవానిదా, పాడినవానిదా, విని గుండెలో దాచుకొన్నవానిదా? చట్టము మొదటివానికి హక్కునిచ్చినది. జనుల మనస్సు రెండవవానిని తలచుకొనును. తిరునాళ్ల రాత్రి మాత్రము పాట మూడవవానిదగును. 2019 జూన్‌లో చెన్నైలో ఇళయరాజా జన్మదిన కచేరీలో మిత్రులిద్దరును మరల ఒకే వేదికనెక్కినారు. మరుసటి సంవత్సరము ఆగస్టులో బాలసుబ్రహ్మణ్యం ఆసుపత్రిలో ఉన్నపుడు, లేచి రమ్మని ఇళయరాజా చేసిన వేడికోలు దేశమంతయు విన్నది. 2020 సెప్టెంబరు 25న ఆ కంఠము ఆగిపోయినది. ఆ సంవత్సరము ఫిబ్రవరిలోనే ఆయన నెల్లూరులోని తమ ఇంటిని వేదపాఠశాలకై కంచి పీఠమునకు సమర్పించియుండిరి. వేదము కూడ గురుముఖమున విన్నది విన్నట్లు, స్వరము తప్పకుండ, మరల చెప్పు విద్యయే.

కంఠము ఆగినను దాని నకలు ఆగలేదు. 2023లో విడుదలైన ఒక తెలుగు చిత్రములో కృత్రిమ మేధ సహాయమున ఆయన కంఠమును పునఃసృష్టించినారు. తమ అనుమతి లేక ఇట్లు చేసినారని ఆయన కుటుంబము అభ్యంతరము తెలిపి, న్యాయవాది ద్వారా నోటీసు పంపినది. యంత్రము చేసిన అనుకరణము మనుష్యుడు చేయు అనుకరణము కంటె అసలునకు దగ్గరగా ఉండవచ్చును. దానికి గొంతు బొంగురుపోదు, ఊపిరి తెగదు, మంచుకు పడిసెము పట్టదు. అయినను తీరమున పందిరిక్రింద నిలిచి పాడువానికిని దానికిని గల అంతరము ఇక్కడనే ఉన్నది. యంత్రము తప్పిపోవు భయము లేక పాడును. మనుష్యుడు తప్పిపోవు భయముతో పాడును. తాను ప్రేమించిన పాటకు ఎక్కడ లోపము వచ్చునో అను వెరపు అతని గొంతులో ఉండును. ఆ వెరపునకే భక్తియని పేరు.

చాప చంకన పెట్టుకొని వచ్చినవారు వినుటకు వచ్చినది బహుశః దానినే. ఫోనులో ఉన్నది పాట. పందిరిక్రింద ఉన్నది ఆ పాటను తనవలెనే ప్రేమించిన మరియొక మనిషి, అతని చుట్టును అదే పాటతో యౌవనము గడపిన వందమంది. తాను పొలములో పాడుకొన్నదే, పడవమీద పాడుకొన్నదే, తనవంటివాడొకడు అందరి ఎదుట నిలిచి పాడుచున్నాడు.

రాత్రి రెండు గంటల వేళ, గాలికి దీపాలదండ ఊగుచుండగా, గాయకుడు చివరి చీటీ విప్పును. ఘంటసాల పాట. చరణములో తారస్థాయి వచ్చుచోట, ఆరు గంటలుగా పాడిన గొంతు అందుకొనలేక ఒక్క క్షణము చీలును. అప్పుడు ముందు వరుసలోని ముసలివాడు తల అడ్డముగా త్రిప్పడు. తానే ఆ స్వరము ఎత్తుకొనును. ప్రక్కనున్నవారు అందుకొందురు. గాయకుడు మైకును జనులవైపు త్రిప్పి, తేరుకొని, మరల వారితో కలియును. ఆ ఒక్క క్షణమున పలికినది అతని సొంత గొంతు.