వేలిముద్ర, కూలి డబ్బు, చీటీ పద్ధతి

ప్రభుత్వ పథకమేదైనా మేలు చేసిందా లేదా అని తేల్చవలసి వస్తే, అమలుకు ముందు పరిస్థితినీ తర్వాతి పరిస్థితినీ పోల్చి చూడటం పరిపాటి. ఇది చాలదు. ఆ ఏడు వర్షాలు బాగా కురిసి ఉండవచ్చు. సమర్థుడైన అధికారి వచ్చి ఉండవచ్చు. ఆ మేలంతా పథకం ఖాతాలో జమ అవుతుంది. పథకమే లేకపోతే ఏమై ఉండేదన్నది అసలు ప్రశ్న. దీనిని విచారించే శాస్త్రాన్ని పండితులు ‘ప్రభావ మూల్యాంకనం’ అంటున్నారు. మనకు తెలిసిన ‘ముహాసబా’ అన్న మాటే నాకు దగ్గరగా తోస్తుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలినీ, పింఛన్లనూ వేలిముద్ర సరిచూసి స్మార్ట్‌కార్డు ద్వారా చెల్లించాలని ప్రభుత్వం తలపెట్టింది. ఎనిమిది జిల్లాలలో అన్ని మండలాలకూ ఒకేసారి ఇవ్వడం సాధ్యం కాదు. కనుక ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నది 2010లో చీటీలు వేసినట్లుగా నిర్ణయించారు. ప్రభుత్వంతో కలిసి ఈ పరిశీలన చేసినవారు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు. 112 మండలాలు ముందు వరుసలోనూ, 45 చివరి వరుసలోనూ పడ్డాయి. సిఫారసుకు తావు లేదు గనుక రెండు వర్గాలూ సగటున ఒకే తీరువి. తర్వాత కనబడే పెద్ద తేడాను కార్డుకు ఆపాదించవచ్చు.

ఖజానా నుండి ఎంత వెళ్లిందో కాగితం చెబుతుంది. ఇంటికి ఎంత చేరిందో కూలివాడే చెప్పాలి. అందుకే ఇళ్లకు వెళ్లి అడిగారు. (మన జకాత్ కమిటీల నివేదికలలో కూడా తరచు పంచిన మొత్తమే ఉంటుంది.) రెండేళ్లకు ముందు వరుస మండలాలలో సుమారు సగం చెల్లింపులే కార్డు ద్వారా జరుగుతున్నాయి. అయినా లెక్క ఆ మండలాలన్నింటికీ కలిపే కట్టారు. కార్డు బాగా నడిచిన ఊళ్లను మాత్రమే ఏరుకుంటే, అక్కడి యంత్రాంగం మొదటినుండీ మెరుగైనదేమో అన్న సందేహం మిగిలేది.

చివరి వరుస మండలాలలో కూలి సొమ్ములో సుమారు 31 శాతం దారిలోనే పోతున్నది. కార్డు మండలాలలో ఇది 13 పాయింట్ల మేరకు తగ్గింది. డబ్బు తీసుకోవడానికి పట్టే సమయమూ ఒక్కో చెల్లింపుకు 22 నిమిషాలు తగ్గింది.

అయితే యంత్రం ఉంటే చాలునా? ఝార్ఖండ్‌లో రేషన్‌కు ఆధార్ వేలిముద్ర తప్పనిసరి చేసినప్పుడు ఇదే ముగ్గురు మళ్లీ లెక్క తీశారు. దారిలో పోయే సరుకు తగ్గలేదు. అంతకుముందు ఆధార్ నమోదు చేయించుకోని 23 శాతం లబ్ధిదారులకు అందేది మాత్రం 10 శాతం తగ్గింది. ఆంధ్రలో కార్డు లేనివారికి పాత పద్ధతిలో చెల్లింపు కొనసాగింది.