పాత కారు బ్రేక్ పట్టేస్తోందా..? క్యాలిపర్ పిస్టన్ మార్చేటప్పుడు ఏ రకం తీసుకోవాలో తెలుసా!

బ్రేక్ మీద నుంచి కాలు తీసినా కారు ఫ్రీగా కదలడం లేదా? బ్రేక్ వేస్తే ఒక పక్కకు లాగుతోందా? 15, 20 ఏళ్లు దాటిన కార్లలో ఇది తరచూ కనిపించే సమస్యే. చాలామంది ప్యాడ్లు మార్చేసి ఊరుకుంటారు. కానీ అసలు తప్పు క్యాలిపర్ లోపలి పిస్టన్‌ది కావొచ్చు.

మారుతీ జెన్, ఎస్టీమ్ లాంటి పాత కార్లలో ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులుంటాయి. పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్ ఒత్తిడికి పిస్టన్ ముందుకు జరిగి ప్యాడ్‌ను డిస్క్‌కు నొక్కుతుంది. కాలు తీయగానే చుట్టూ ఉన్న రబ్బర్ సీల్ దాన్ని వెనక్కి లాగుతుంది. అదీ వెంట్రుకవాసి దూరమే. అందుకే పిస్టన్ మీద కాస్త తుప్పు చేరినా ఇరుక్కుపోతుంది.

ఎక్కువగా వాడేది క్రోమ్ పూత వేసిన స్టీల్ పిస్టన్. గట్టిది, ధర కూడా తక్కువే. అయితే దుమ్ము పడకుండా ఉండే రబ్బర్ బూట్ చిరిగి నీళ్లు చేరితే పూత లేచిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లలో ఉప్పుగాలి దీనికి తోడవుతుంది. గుంటలు పడిన పిస్టన్‌ను ఎమరీ పేపర్‌తో రుద్ది మళ్లీ బిగిస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. రుద్దితే మిగిలిన పూత కూడా పోతుంది, తుప్పు ఇంకా త్వరగా తిరిగొస్తుంది.

ఫినాలిక్ అంటే ఒక రకం గట్టి ప్లాస్టిక్. తుప్పు పట్టదు, ప్యాడ్ వేడిని ఆయిల్ దాకా పోనివ్వదు. కానీ ఏళ్లు గడిచేకొద్దీ అంచులు పెచ్చులూడొచ్చు, తేమకు ఉబ్బి బిగుసుకోవచ్చు.

అల్యూమినియం తేలిక, అందుకే రేసు కార్లలో కనిపిస్తుంది. మన వాడకానికి దాంతో పనిలేదు, పైగా వేడిని చాలా వేగంగా ఆయిల్‌కు చేరవేస్తుంది. ఇది చిన్న విషయం కాదు. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ పీల్చుకున్నాక అది 140 డిగ్రీలే. తిరుమల ఘాట్ దిగేటప్పుడు అదే పనిగా బ్రేక్ నొక్కితే పాత ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు వస్తాయి. పెడల్ నేలకు తగులుతుంది, బండి ఆగదు.

మరి ఏది కొనాలి? మీ మోడల్‌కు సరైన సైజులో దొరికితే స్టెయిన్‌లెస్ స్టీలే మేలు. తుప్పు భయం దాదాపు ఉండదు, మామూలు స్టీల్ కంటే వేడిని తక్కువగా పంపుతుంది. ధర కాస్త ఎక్కువే, పాత మోడళ్లకు వెతుక్కోవాలి కూడా. దొరక్కపోతే మంచి కంపెనీ కొత్త క్రోమ్ పిస్టన్ చాలు. మీ కారుకు మొదట్నుంచీ ఫినాలిక్ ఉంటే కొత్త ఫినాలిక్ వేయించుకోవచ్చు.

కుడి, ఎడమ రెండు వైపులా ఒకే రకం వేయించండి. సీళ్లు, బూట్లు కూడా కొత్తవే వేయాలి. వాటిని పెట్రోల్‌తో కడగనివ్వకండి, రబ్బరు ఉబ్బిపోతుంది. పని అయ్యాక గాలి తీయించి, పెడల్ గట్టిగా తగిలేదాకా నాలుగైదుసార్లు తొక్కి చూసుకున్నాకే కారు బయటకు తీయండి.