మార్కులొచ్చిన లెక్క – మాడిపోయిన ప్లగ్గు



సంచికకు ఏదైనా జ్ఞాపకం రాయమన్నారు. మేము జ్ఞాపకంతో పాటు ఒక లెక్క కూడా రాస్తున్నాం. ఆ లెక్క మాకు ఆలస్యంగా అర్థమైంది. మీకు ముందే అర్థం కావాలని మా కోరిక.

మేము పదో తరగతిలో ఉన్నప్పటి చలికాలం. తెల్లవారుజామున లేచి చన్నీళ్ళు పోసుకోలేక, తలా కొంత వేసుకుని రెండు హీటరు రాడ్లు కొన్నాం. ఒకటి 1000 వాట్లు, ఇంకొకటి 1500 వాట్లు. హాలు చివరనున్న 5 ఆంపియర్ల ప్లగ్గుకు బోర్డు తగిలించి రెండూ ఒకేసారి పెట్టాం. ఫ్యూజు పోయింది. మళ్ళీ వేశాం, మళ్ళీ పోయింది. మూడోసారి మాలో ఒకడు ఫ్యూజు తీగ బదులు లావుపాటి కట్టుతీగ చుట్టి, "ఇక చచ్చినా పోదురా" అన్నాడు.

నిజంగానే ఫ్యూజు పోలేదు. నాలుగో రోజు ప్లగ్గు కరిగింది, గోడలో తీగ కాలింది, పక్కనున్న ట్రంకుపెట్టె మీది దుప్పటి అంటుకుంది. ఎవరికీ ఏమీ కాకపోవడం మా అదృష్టం. ప్రీఫైనల్ ముందు మూడు రాత్రులు హాస్టలంతా కొవ్వొత్తుల వెలుగులో చదివింది. తప్పు పూర్తిగా మాదే. విచిత్రమేమంటే, అంతకు వారం ముందే యూనిట్ టెస్టులో ఇదే లెక్కకు మాకు పూర్తి మార్కులొచ్చాయి!

ఆ లెక్క ఏమిటో చూద్దాం. తీగలో కరెంటును నెట్టేది వోల్టేజి. ఆ నెట్టుడుకు ఎంత కరెంటు పారిందో ఆంపియర్లలో చెబుతాం. పారకుండా అడ్డుపడే గుణం నిరోధం, దాన్ని ఓమ్‌లలో కొలుస్తాం. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే నిరోధం వస్తుంది. వోల్టేజిని కరెంటుతో గుణిస్తే సామర్థ్యం, అంటే వాట్లు వస్తాయి. మొదటి సూత్రాన్ని 1827లో పుస్తకంగా ప్రకటించిన జార్జ్ సైమన్ ఓమ్ జర్మనీలో ఒక బడిపంతులు. ఆయన తండ్రి తాళాలు చేసుకుని బతికిన మనిషి, బడి చదువు లేనివాడు. మనలాంటి ఇంటి నుంచే వచ్చాడన్న మాట.

ఇప్పుడు మా రాడ్ల సంగతి. మన ఇళ్ళకొచ్చే కరెంటు 230 వోల్టులు. 1000 వాట్ల రాడ్డుకు 1000ని 230తో భాగిస్తే 4.35 ఆంపియర్లు. దాని నిరోధం 230 భాగించు 4.35, అంటే సుమారు 53 ఓమ్‌లు. 1500 వాట్ల రాడ్డు 6.5 ఆంపియర్లు లాగుతుంది, నిరోధం సుమారు 35 ఓమ్‌లే. వాట్లు ఎక్కువైతే నిరోధం కూడా ఎక్కువనుకుని చాలామంది పొరబడతారు. ఒకే వోల్టేజి దగ్గర నిరోధం తక్కువున్నదే ఎక్కువ కరెంటు లాగుతుంది.

రెండూ కలిపితే దాదాపు 10.9 ఆంపియర్లు. ఆ ప్లగ్గు మోయగలిగింది 5. అంటే 1500 వాట్ల రాడ్డు ఒక్కటి పెట్టినా ఎక్కువే!

మరి ప్లగ్గే ఎందుకు కరిగింది? కరెంటును కరెంటుతో గుణించి, నిరోధంతో గుణిస్తే ఆ చోట పుట్టే వేడి వాట్లలో వస్తుంది. వదులైన ప్లగ్గు దగ్గర నిరోధం అర ఓమ్ అనుకుందాం. 1000 వాట్ల రాడ్డు ఒక్కటే ఉంటే అక్కడ పుట్టే వేడి 9.5 వాట్లు. రెండు రాడ్లూ ఉంటే 59 వాట్లు! కరెంటు రెండున్నర రెట్లయితే వేడి ఆరు రెట్లు దాటింది. సన్నటి ఫ్యూజు తీగ ఈ వేడికే ముందుగా కరిగి మనల్ని కాపాడుతుంది. దాని బదులు కట్టుతీగ చుడితే వేడి ఆగదు, ఇంకో బలహీనమైన చోటు వెతుక్కుంటుంది.

లో వోల్టేజి ఉన్నప్పుడు నీళ్ళు ఎందుకు కాగవో కూడా ఇందులోనే ఉంది. 180 వోల్టులే వస్తే అదే 53 ఓమ్‌ల రాడ్డులో 3.4 ఆంపియర్లే పారతాయి. 180ని 3.4తో గుణిస్తే 612 వాట్లు. రాడ్డు చెడిపోలేదు, వోల్టేజి తగ్గింది, అంతే. ఈ లెక్కలు రాడ్డు, ఇస్త్రీపెట్టెలకు సరిపోతాయి. ఫ్యాన్లు, మోటార్లకు పవర్ ఫ్యాక్టర్ కూడా చూడాలి.

తమ్ముళ్ళూ, ఏ వస్తువైనా ప్లగ్గులో పెట్టేముందు దాని మీద రాసిన వాట్లు చూడండి. 230తో భాగించండి. ప్లగ్గు మీది అంకె దాటితే పెట్టకండి. ఫ్యూజు పోయిందంటే అది మనకు చెప్పిన మాట, దాని నోరు కట్టేయకండి. రాడ్డు ప్లగ్గు తీసేదాకా బకెట్‌లో చెయ్యి పెట్టకండి.

మాలో చాలామందిమి ఇంట్లో మొదటి డిగ్రీవాళ్ళం. సెలవులకు వెళితే నాన్న కరెంటు బిల్లు చేతికిచ్చి చూడమంటాడు. 1000 వాట్ల వస్తువు గంట వాడితే ఒక యూనిట్ అని చెబితే శ్రద్ధగా వింటాడు. ఆ బిల్లు చదివిన రోజే మాకు అనిపించింది, మార్కులు తెచ్చిన లెక్క ఇప్పటికి ఇంటికి చేరిందని.