బోరుబావి మోటారు – విద్యుత్ వలయ ప్రాథమిక సూత్రాలు

పెద్దతిప్పసముద్రం పరిసరాలు కఠిన శిలలతో కూడిన వర్షాభావ ప్రాంతం. ఇచ్చట టమాటా, మల్బరీ వంటి పంటలకు లోతైన బోరుబావులే ముఖ్య ఆధారం. పూత, కాయ దశలలో మోటారు కాలిపోయినచో, దానిని పైకి తీసి, వైండింగ్ చేయించి, తిరిగి దించేలోగా పంటకు తడి తప్పుతుంది. వలయంలో కరెంటు ఏల పెరుగుతుందో తెలిసినచో ఈ నష్టాన్ని చాలావరకు నివారించవచ్చు.

ఆవేశం, ప్రవాహం: ఎలక్ట్రాన్ ఆవేశం 1.6 × 10⁻¹⁹ కులూంబులు. తీగలోని ఒక బిందువు గుండా సెకనుకు ఒక కులూంబు ఆవేశం ప్రవహించినచో అది ఒక ఆంపియర్. ఈ ప్రవాహానికి కారణం పొటెన్షియల్ భేదం (వోల్టేజి). దానిని అడ్డగించేది నిరోధం. వలయం ఎక్కడ తెగినా ప్రవాహం ఆగిపోతుంది.

వోల్టేజి తగ్గినచో: ఓమ్ నియమం ప్రకారం వోల్టేజి తగ్గితే కరెంటు కూడా తగ్గవలెను. అయితే మోటారు కేవలం నిరోధం కాదు. వోల్టేజి తగ్గినపుడు దాని వేగం కొంత తగ్గి, నీటిని ఎత్తే భారం దాదాపు అంతే ఉన్నందున, అధిక కరెంటును తీసుకుంటుంది. 5 హెచ్.పి. త్రీఫేజ్ మోటారు సామర్థ్యం 70 శాతం, పవర్ ఫ్యాక్టర్ 0.8 అనుకొన్నచో, 415 వోల్టుల వద్ద సుమారు 9.3 ఆంపియర్లు, 350 వోల్టుల వద్ద సుమారు 11 ఆంపియర్లు అవసరమగును. ఉష్ణం కరెంటు వర్గానికి అనుపాతంలో ఉండును గనుక వైండింగ్‌లో వేడి సుమారు 40 శాతం పెరుగుతుంది. ఒక ఫేజ్ పోయినచో మిగిలిన ఫేజ్‌లలో కరెంటు ఇంకా ఎక్కువై మోటారు త్వరగా కాలిపోతుంది.

కేబుల్ నష్టం: 300 మీటర్ల పొడవు, 4 చదరపు మి.మీ. రాగి తీగ నిరోధం సుమారు 1.3 ఓమ్‌లు. 9.3 ఆంపియర్ల వద్ద మూడు తీగలలో కలిపి సుమారు 335 వాట్లు వేడిగా వృథా అగును. తీగ అడ్డుకోత వైశాల్యాన్ని రెట్టింపు చేసినచో ఈ నష్టం సగమగును.

సూచనలు:
1. స్టార్టర్‌లోని ఓవర్‌లోడ్ రిలేను మోటారు ప్లేటుపై గల కరెంటుకు సరిచేయవలెను. దానిని తప్పించి నేరుగా కలుపరాదు.
2. సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ అమర్చవలెను.
3. స్టార్టర్ వద్ద కెపాసిటర్ అమర్చినచో లైనులో కరెంటు తగ్గి, వోల్టేజి మెరుగుపడుతుంది. బోరులోని కేబుల్ నష్టం మాత్రం తగ్గదు.
4. స్టార్టర్ పెట్టెకు ఎర్తింగ్ తప్పనిసరి. లీకైన కరెంటుకు భూమిలోకి సులభమైన దారి లేనిచో అది రైతు శరీరం గుండా పోవును.

విస్తరణ శాస్త్రవేత్తలు క్షేత్ర సందర్శనలో వోల్టేజితో పాటు మూడు ఫేజ్‌ల కరెంటును క్లాంప్ మీటరుతో కొలిచి చూపినచో, రాబోవు ప్రమాదాన్ని రైతు ముందుగానే గుర్తించగలడు.