అటకెక్కిన లేతుకి సామాను ఎక్కడ దొరుకుతుంది?

(రేడియో ప్రసంగ పాఠం)

లెస్టర్ నుంచి ఒక సోదరి ఫోన్ చేశారు. పొరుగింటి పెద్దాయన పోతే, ఆయన షెడ్డులో ఉన్న మైఫోర్డ్ లేతుని వాళ్ళావిడ వీళ్ళకిచ్చిందట. "విడిభాగాలు దొరకవు, తుక్కుకి వేసెయ్యమంటున్నారండీ" అన్నారు. ఆ పని మాత్రం చెయ్యకండమ్మా. ఎందుకో చెబుతాను.

మైఫోర్డ్ కంపెనీ నాటింగ్‌హాం పక్కన బీస్టన్‌లో ఉండేది. ఇంట్లో సరదాకి ఇనప పని చేసుకునేవాళ్ళ కోసం 1940ల చివర్లో ఎం.ఎల్.7 అనే లేతు తెచ్చింది. తరవాత సూపర్ 7 వచ్చింది. 2011లో ఆ ఫ్యాక్టరీ మూతపడినా, పేరునీ విడిభాగాల వ్యాపారాన్నీ వెస్ట్ యార్క్‌షైర్‌లోని ఒక సంస్థ కొనుక్కుంది. కాబట్టి సామాను దొరుకుతుంది. అయితే ఏం కావాలో మనకి ముందు తెలియాలి.

మొదట మోడల్ ఏదో తేల్చుకోండి. బెడ్డు మీద నెంబరు కొట్టి ఉంటుంది. అది K తో మొదలైతే ఎం.ఎల్.7, SK తో మొదలైతే సూపర్ 7. ఈ రెండిటి బేరింగులూ వేరు. ఒకదానివి ఇంకోదానికి పనికిరావు.

రెండోది చక్. ఇక్కడ నా తెలివితక్కువతనం చెప్పాలి. మా నాన్నగారు విజయవాడ ఆటోనగర్‌లో టర్నరు. "కొలిచాకే బిగించరా" అని వెయ్యిసార్లు చెప్పారు. నేను మాత్రం "మైఫోర్డ్‌కి సరిపోతుంది" అని అమ్మినాయన అన్న మాట నమ్మి చవకలో ఒక చక్ కొన్నాను. రెండు చుట్లు తిరిగి ఆగింది. బలం పెట్టి తిప్పాను. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, స్పిండిల్ మరలు చెడ్డాయి. తరవాత కొలిస్తే ఆ చక్ మరలు 2 మిల్లీమీటర్లవి, అంటే అంగుళానికి 12.7. మైఫోర్డ్ స్పిండిల్‌కి అంగుళానికి సరిగ్గా 12 ఉంటాయి. దాని లావు అంగుళం మీద ఒక సూతు, అంటే 1⅛ అంగుళాలు. మా ఊరి మోడల్ ఇంజినీర్ల క్లబ్బులో ఒక ముసలాయన ఓపిగ్గా ఆకురాయి పట్టి ఆ మరల్ని బాగుచేశాడు. డబ్బు పుచ్చుకోలేదు. నాన్నగారికి మాత్రం ఈ సంగతి ఇప్పటికీ చెప్పలేదు!

పాత చక్ కొనేటప్పుడు దాని దవడల మీద నెంబర్లు చూడండి. అవి చక్ ఒంటి మీది నెంబరుతో కలవాలి. ఒక చక్ దవడలు ఇంకో చక్‌కి పెడితే పని వంకరగా తిరుగుతుంది.

మూడోది పళ్ళ చక్రాలు. మరలు కొయ్యడానికి ఇవి కావాలి. పళ్ళు లెక్కపెట్టి రెండు కలిపి, ఇరవైతో భాగించండి. వచ్చినన్ని అంగుళాల అడ్డకొలత ఉంటే ఆ చక్రం మనదే. నలభై పళ్ళున్నది 2.1 అంగుళాలు ఉండాలి.

నాలుగోది స్పానర్లు. ఇవి మిల్లీమీటర్ల కాలం నట్లు కావు. విట్‌వర్త్ స్పానర్ మీద రాసిన కొలత బోల్టు లావుది, నట్టు వెడల్పుది కాదు. ఈ సంగతి తెలియక చాలామంది తప్పు సైజు కొని నట్ల మూలలు అరగదీస్తారు.

చివరిగా ఒక మాట. కొత్తవి కొనే ముందు ఆ షెడ్డులోని డబ్బాలు, సొరుగులు వెతకనివ్వమని ఆ పెద్దావిడని మర్యాదగా అడగండి. నాలుగు దవడల చక్, ఫేస్ ప్లేటు, చక్రాలు సాధారణంగా అక్కడే ఏ పాత బిస్కెట్ టిన్నులోనో ఉంటాయి. అవి ఏమిటో తెలియక ఆవిడ పారేస్తే మళ్ళీ కొనడానికి బాగా ఖర్చవుతుంది.

లేతు తిరిగాక మొదటి వస్తువు, ఒక చిన్న ఇత్తడి కొవ్వొత్తి స్టాండయినా సరే, చేసి ఆవిడ చేతికివ్వండి. ఆయన మిషన్ మళ్ళీ తిరుగుతోందని ఆవిడకి తెలియాలి కదా. ఉంటాను, సెలవు.