పాడుదాం, కాపాడుదాం: సృష్టిని గూర్చిన క్రైస్తవ కీర్తనలు



కొన్నేళ్ల క్రిందట ఒక సంఘంలో కోతపండుగకు వెళ్లాను. వేదిక ముందు వరి కంకులు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కొబ్బరికాయలు పేర్చారు. ఎండనూ వాననూ గాలినీ ఇచ్చిన దేవునికి కృతజ్ఞత చెల్లిస్తూ అందరం గొంతెత్తి పాడాం. తరువాత ప్రేమవిందు జరిగింది. సాయంత్రం కాగానే ప్లాస్టిక్ గ్లాసులూ థర్మాకోల్ ప్లేట్లూ గుడి వెనుక కుప్పపోసి నిప్పంటించారు. నల్లటి పొగ ప్రక్క వీధి మీదికి పోయింది. ఆ వీధిలో ఉబ్బసంతో బాధపడే ఒక పెద్దమ్మ రెండు రోజులు మంచం దిగలేకపోయింది. ప్రార్థన చేయడానికి వెళితే ఆమె ఇలా అన్నది: "అయ్యగారూ, పొద్దున ఏ గాలి కోసం దేవునికి స్తోత్రం చెప్పామో, సాయంత్రానికి ఆ గాలే నాకు లేకుండా చేశారు."

ఆ మాట నన్ను వదలలేదు. మనం పాడే పాటకూ చేసే పనికీ మధ్య ఎంత దూరం ఉందో ఆలోచింపజేసింది. అప్పటి నుండి సృష్టిని గూర్చిన కీర్తనల చరిత్రను శ్రద్ధగా చదవసాగాను. వాటిలో మిక్కిలి ప్రసిద్ధి పొందిన ఒకటి రోగి పడక మీద పుట్టిందని తెలిసి ఆశ్చర్యపోయాను.

ఒక రోగి చేసిన కీర్తన

ఇటలీ దేశంలోని అస్సీసీ పట్టణంలో ఒక బట్టల వర్తకుని కుమారుడు ఫ్రాన్సిస్. ఆస్తిని విడిచిపెట్టి, కుష్ఠురోగులకు సేవ చేస్తూ, సువార్త ప్రకటిస్తూ జీవించాడు. 1219లో ఐగుప్తుకు వెళ్లి వచ్చిన తరువాత ఆయనను కండ్ల జబ్బు తీవ్రంగా బాధించింది. 1225 నాటికి చూపు దాదాపు పోయింది. శాన్ దమియానో అనే చిన్న దేవాలయం ప్రక్కన, చాపలతో కట్టిన గదిలో ఆయనను ఉంచారు. యాభై రోజులకు పైగా పగటి వెలుతురునుగాని, రాత్రి మంట వెలుగునుగాని ఆయన కండ్లు భరించలేకపోయాయి. దానికి తోడు ఎలుకలు ఆయనను నిద్రపోనివ్వలేదు.

ఆ స్థితిలో ఆయన సృష్టికర్తను స్తుతిస్తూ ఒక కీర్తన కట్టాడు. దేవాలయాలలో వాడే లాటిన్‌లో గాక, సామాన్య ప్రజలు మాట్లాడుకునే భాషలో కట్టాడు. ఇటలీ భాషా సాహిత్యంలో మిక్కిలి పాతవైన పద్యాలలో అది ఒకటి. అందులో సూర్యుడూ గాలీ అగ్నీ ఆయనకు అన్నదమ్ములు. చంద్రుడూ నక్షత్రాలూ నీరూ అక్కచెల్లెళ్లు. భూమి తోబుట్టువు మాత్రమే కాదు, మనలను మోసి పోషించే తల్లి కూడా.

ఒక్క సంగతి గమనించండి. ఏ వెలుగు ఆయన కండ్లను పొడిచిందో ఆ సూర్యుని కోసమే ఆయన దేవుని స్తుతించాడు. ఏ మంటను చూడలేకపోయాడో ఆ అగ్ని కోసం కృతజ్ఞత చెల్లించాడు. సృష్టి తనకు సుఖమిచ్చింది గనుక కాదు, అది దేవునిది గనుక ప్రేమించాడు.

తరువాత అస్సీసీ బిషపుకూ పట్టణాధికారికీ తగవు వచ్చినప్పుడు, క్షమించేవారిని గూర్చీ, రోగాన్ని ఓర్పుతో భరించేవారిని గూర్చీ ఒక చరణం చేర్చి వారి ఎదుట పాడించాడు. వారు సమాధానపడ్డారు. చివరగా మరణాన్ని గూర్చిన చరణం చేర్చాడు. 1226 అక్టోబరు 3న ప్రభువునందు నిద్రించాడు.

కృతజ్ఞత నుండి ఒప్పుకోలుకు

ఇంగ్లండులోని లీడ్స్‌లో పిల్లల పెంతెకొస్తు పండుగ కోసం విలియం డ్రేపర్ అనే గురువు ఈ కీర్తన ఆధారంగా ఒక ఇంగ్లీషు కీర్తన వ్రాశాడు. అది 1919లో అచ్చయింది. అంతకు ముందే 1848లో సిసిల్ ఫ్రాన్సిస్ అలెగ్జాండర్ పిల్లల కోసం, 1864లో ఫోలియట్ పియర్‌పాయింట్ ఆరాధన కోసం సృష్టి అందాన్ని గూర్చి కీర్తనలు వ్రాసి ఉన్నారు. ఇవన్నీ ముఖ్యంగా స్తుతి కీర్తనలే. 148వ కీర్తనలో సూర్యచంద్రులు, మంచు, తుఫాను, చెట్లు, పశువులు, మనుష్యులు కలిసి దేవుని స్తుతించినట్లే ఇవీ స్తుతిస్తాయి.

20వ శతాబ్దంలో నదులూ గాలీ విషమవుతుంటే కీర్తనల స్వరం మారింది. 1973లో అమెరికాలోని హిమ్ సొసైటీ పర్యావరణ గృహనిర్వాహకత్వాన్ని గూర్చిన క్రొత్త కీర్తనలను ప్రచురించింది. ఇంగ్లండుకు చెందిన మెథడిస్టు బోధకుడు ఫ్రెడ్ ప్రాట్ గ్రీన్ అందుకు వ్రాసిన కీర్తనలో, భూమిని దేవుడు మనకు ఎరువుగా మాత్రమే ఇచ్చాడన్నాడు. ఎరువు తెచ్చుకున్న వస్తువును తిరిగి అప్పగించాలి కదా! 1991లో న్యూజిలాండుకు చెందిన షెర్లీ ఎరీనా మరీ వ్రాసిన కీర్తన, భూమి మీద మెల్లగా నడవమని చెబుతూనే మన తప్పును కూడా ఒప్పుకుంటుంది.

ఇది క్రొత్త బోధ కాదు. ఆదికాండము 2:15లో దేవుడు మనిషిని తోటలో ఉంచింది దానిని సేద్యపరచడానికీ కాయడానికీ. కాయడం అనే మాటను మనం చాలాకాలం మరచిపోయాం.

పాట ఇంటికి వస్తే

ఫ్రాన్సిస్ స్తుతించిన వాటిలో నాలుగింటిని మన ఆరోగ్యంతో కలిపి చూద్దాం.

గాలి: ప్లాస్టిక్, థర్మాకోల్ కాల్చితే సన్నని మసి, కార్బన్ మోనాక్సైడ్ వస్తాయి. పి.వి.సి. కాలితే డయాక్సిన్లనే విష పదార్థాలు కూడా పుడతాయి. పసిపిల్లలకూ ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారికీ ఇది మరింత హాని. ఒక్కసారి వాడి పారవేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలను 2022 జూలై 1 నుండి మన దేశంలో నిషేధించారు. ప్రేమవిందులకు అరటి ఆకులు, విస్తరాకులు, స్టీలు గ్లాసులు వాడండి.

నీరు: ఫ్రాన్సిస్ కండ్ల జబ్బు ట్రకోమా అయి ఉంటుందని అనేకులు భావించారు. ఇది చేతుల ద్వారా, తువ్వాళ్ల ద్వారా, ఈగల ద్వారా అంటుతుంది. ఆ కాలపు వైద్యులు కాల్చిన ఇనుముతో ఆయన కణతలకు వాత పెట్టారు. ఫలితం లేకపోయింది. ఇప్పుడు యాంటీబయాటిక్ మందులు, ముఖం కడుక్కొనే అలవాటు, పరిసరాల శుభ్రత వలన దీనిని అదుపు చేయగలిగాం. ప్రజారోగ్య సమస్యగా ట్రకోమా భారతదేశంలో నిర్మూలమైందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో గుర్తించింది. ఈ మేలు నిలవాలంటే పిల్లల ముఖాలు రోజూ కడగండి, ఎవరి తువ్వాలు వారు వాడండి. డెంగీ దోమ పెరగడానికి పారవేసిన గ్లాసులో నిలిచిన కొద్ది నీరు చాలు. వారానికొకసారి తొట్లు ఖాళీ చేసి, రుద్ది కడిగి ఆరబెట్టండి.

అగ్ని: కట్టెలు, పిడకల పొయ్యి పొగ ఊపిరితిత్తులకు శత్రువు. ఇండ్లలోని ఇటువంటి పొగ వలన 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షలమంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వీలైతే గ్యాసు వాడండి. వీలుకాకపోతే పొయ్యి ఆరుబయట పెట్టండి, చంటిబిడ్డను చంకనెత్తుకొని వండకండి.

భూమి: మిగిలిపోయిన మాత్రలు చెరువులో, చెత్తకుప్పలో వేయకండి. ఇన్సులిన్ సూదులు మూత ఉన్న గట్టి డబ్బాలో వేసి ఆసుపత్రికి తెచ్చి ఇవ్వండి. చెత్త ఏరుకునే బిడ్డ చేతికి ఆ సూది గుచ్చుకుంటే, మన స్వస్థత మరొకరికి రోగమవుతుంది.

వార్డులో ఉన్నవారికి ఒక మాట

"నేను మంచం మీద ఉన్నాను, సృష్టి కోసం ఏమి చేయగలను?" అని మీరు అడగవచ్చు. చాపల గదిలో పడి ఉన్న ఆ రోగి పాట 800 సంవత్సరాల తరువాత కూడా లోకమంతటా వినబడుతోంది. కిటికీలోనుండి కనబడే ఒక చెట్టు కోసమైనా ఈ రోజు దేవునికి వందనాలు చెప్పండి. చూడవచ్చిన మీవారితో ఈ నాలుగు సంగతులు మాట్లాడండి. అది కూడా పరిచర్యే.

ఆ సంఘంలో మరుసటి ఏడు కోతపండుగకు యౌవనస్థులు అరటి ఆకులు తెచ్చారు, స్టీలు గ్లాసులు తామే కడిగారు. సాయంత్రం పొగ రాలేదు. ఆ పెద్దమ్మ చీకటి పడేవరకూ గుడి మెట్ల మీద కూర్చొని పిల్లలకు పాటలు నేర్పింది.

మన నోటి పాటను మన చేతుల పని కాదనకుండునట్లు ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమెన్.